పిల్లలున్న ఇంటికి పాత స్టేషన్ వ్యాగన్: ఏ ఏడాదిది, ఏ ఇంజిన్, ఎవరికి ఏది

అమెరికాలో ఉన్న మనవాళ్ల ఇళ్లలో ఈ ప్రశ్న దాదాపు ఒకే దశలో వస్తుంది. రెండో బిడ్డ పుట్టబోతోంది. అమ్మానాన్నలు ఆరు నెలలు ఉండటానికి వస్తున్నారు. ఉన్న సెడాన్‌లో రెండు కార్ సీట్లు బిగిస్తే స్ట్రోలర్‌కు చోటు మిగలదు. కొత్త ఎస్‌యూవీకి నెలనెలా వాయిదా కట్టాలంటే ఇంటి డౌన్‌పేమెంట్ వెనక్కి జరుగుతుంది. చేతిలో ఎనిమిది నుంచి పన్నెండు వేల డాలర్లు ఉన్నాయి. అప్పుడు తెలిసినవాళ్లెవరో "పాత వ్యాగన్ చూడండి" అంటారు.

మంచి మాటే. స్టేషన్ వ్యాగన్ అంటే సెడాన్ ఎత్తులోనే ఉండి, వెనక డిక్కీ బదులు పైకప్పు దాకా ఖాళీ ఉన్న కారు. ఎస్‌యూవీ కంటే నేలకు దగ్గరగా ఉంటుంది కాబట్టి మలుపుల్లో ఒరగదు, బోల్తా పడే అవకాశం తక్కువ. సామాను ఎత్తి పెట్టడానికి నడుము వంచనక్కర్లేదు, చేతులు పైకెత్తనక్కర్లేదు.

మేం మిషిగన్‌లో ఉంటాం. పదకొండేళ్లలో రెండు పాత వ్యాగన్లు కొన్నాం. మొదటిది మోడల్‌కున్న మంచి పేరు విని కొన్నాం. నాలుగు నెలలకే పెద్ద రిపేరు వచ్చింది. రెండోది ఇంజిన్, ఏడాది, సర్వీస్ కాగితాలు చూసి కొన్నాం. అది ఇప్పటికీ రోజూ పిల్లల్ని బడికి తీసుకెళ్తోంది. పాత బండి విషయంలో మోడల్ పేరు సగం కూడా చెప్పదు. అదే పేరుతో వచ్చిన బళ్లలో ఒక ఏడాదిది బంగారంలా ఉంటుంది, రెండేళ్ల ముందుది జేబు ఖాళీ చేస్తుంది. అందుకే కింద ప్రతి బండి గురించీ ఏడాది, ఇంజిన్, గేర్‌బాక్స్ కలిపి చెబుతున్నాను.

## ముందు తలలు లెక్కపెట్టండి

వ్యాగన్‌లో కూర్చునేది ఐదుగురు. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు, ఊరి నుంచి వచ్చిన పెద్దవాళ్లిద్దరు అంటే ఆరుగురు. ఆరుగురూ ప్రతి వారం కలిసి బయటికి వెళ్లే ఇల్లయితే ఈ వ్యాసంలో చెప్పబోయే బళ్లేవీ మీకు సరిపోవు. పాత సియన్నాయో ఒడిస్సీయో లాంటి మినీవ్యాన్ చూడండి, దాని గురించి మొహమాటపడాల్సిన పని లేదు.

ఐదుగురే అయినా మధ్య సీటు సంగతి ఆలోచించాలి. రెండు కార్ సీట్లు బిగించాక మధ్యలో మిగిలే జాగాలో సన్నటి మనిషి కూడా ఒక పక్కకి ఒరిగి కూర్చోవాల్సిందే. అరగంట ప్రయాణానికి ఫరవాలేదు. డెట్రాయిట్ నుంచి పిట్స్‌బర్గ్ వెంకటేశ్వరస్వామి గుడికి దాదాపు 300 మైళ్లు. మోకాళ్ల నొప్పులున్న అత్తయ్యను అంత దూరం అలా కూర్చోబెట్టలేం.

ఇంకో లెక్క ఎయిర్‌పోర్టుది. ఇద్దరు పెద్దవాళ్లు ఒక్కొక్కరు రెండేసి 23 కిలోల సూట్‌కేసులు తెస్తే నాలుగు పెద్దవి, రెండు చిన్నవి. వెనక సీటు నిండా మనుషులుంటే ఇవన్నీ ఏ వ్యాగన్‌లోనూ కిటికీ మట్టం లోపల పట్టవు. పైదాకా పేరిస్తే వెనక అద్దం మూసుకుపోతుంది, గట్టిగా బ్రేకు వేస్తే పై పెట్టె పిల్లల మీదికి వస్తుంది. పైన రూఫ్ బాక్స్ బిగించుకోండి, లేదా ఆ ఒక్క రోజుకు స్నేహితుల బండి కూడా తెచ్చుకోండి.

## భద్రత: బేరానికి లోబడని సంగతులు

నేను మొదట చూసేది 2012 అనే అంకె. బండి జారుతున్నప్పుడు ఒక్కో చక్రానికి విడిగా బ్రేకు వేసి మళ్లీ దారిలో పెట్టే ఏర్పాటును ఎలక్ట్రానిక్ స్టెబిలిటీ కంట్రోల్ అంటారు. వానలో హైవే ఎగ్జిట్ వంపు దగ్గర, మంచు మీద హఠాత్తుగా లేన్ మారాల్సి వచ్చినప్పుడు మిమ్మల్ని కాపాడేది ఇదే. అమెరికాలో 2012 మోడల్ నుంచి ప్రతి ప్యాసింజర్ కారులోనూ ఇది తప్పనిసరి అయింది. అంతకు ముందువాటిలో కొన్నింట్లో ఉంది, కొన్నింట్లో లేదు. తాళం తిప్పగానే డాష్‌బోర్డు మీద జారుతున్న కారు బొమ్మ ఒకసారి వెలిగి ఆరిందంటే ఉన్నట్టు. లేని బండి వెయ్యి డాలర్లు తక్కువకు వచ్చినా పిల్లల కోసమైతే వద్దు.

తర్వాత పక్క ఎయిర్‌బ్యాగులు. ముందు సీట్లవాళ్లకే కాకుండా వెనక కిటికీల మీదికి కూడా పరదాలా దిగేవి ఉండాలి. కింద చెప్పిన బళ్లలో 2010 తర్వాతి వాటన్నింట్లోనూ ఇవి ఉన్నాయి.

మూడోది ఢీకొట్టే పరీక్షలు. ఇన్సూరెన్స్ కంపెనీల పరిశోధన సంస్థ ఐఐహెచ్‌ఎస్ 2012లో స్మాల్ ఓవర్‌ల్యాప్ అనే పరీక్ష మొదలుపెట్టింది. కారు ముందు భాగంలో నాలుగో వంతు మాత్రమే తగిలేలా గంటకు 40 మైళ్ల వేగంతో గట్టి దిమ్మెకు కొడతారు. చెట్టుకో, కరెంటు స్తంభానికో అంచుతో గుద్దుకోవడం లాంటిది. అప్పటిదాకా మంచి పేరున్న కార్లు కూడా ఇందులో చతికిలబడ్డాయి. ఆ తర్వాత కంపెనీలు చట్రాలు మార్చాయి. కాబట్టి ఒకే మోడల్‌లో మార్పుకు ముందుదా, తర్వాతదా అన్నది తెలుసుకోవాలి. ఆ సంస్థ సైట్‌లో ఏడాది వారీగా చూడొచ్చు. ప్రభుత్వం ఇచ్చే ఐదు స్టార్ల పద్ధతి కూడా 2011 మోడల్ నుంచి కఠినమైంది. 2009 బండికి ఐదు స్టార్లుంటే దాన్ని 2013 బండి ఐదు స్టార్లతో సమానం అనుకోకండి.

టకాటా అనే కంపెనీ చేసిన ఎయిర్‌బ్యాగుల సంగతి మీరు వినే ఉంటారు. ఎండకు, ఉక్కపోతకు లోపలి రసాయనం పాడై, ఎయిర్‌బ్యాగ్ విచ్చుకునేటప్పుడు ఇనుప ముక్కలు ఎగజిమ్మాయి. మనుషులు చనిపోయారు. దాదాపు 6 కోట్ల 70 లక్షల ఇన్‌ఫ్లేటర్లను (ఎయిర్‌బ్యాగ్‌ను ఉబ్బించే భాగాలు) వెనక్కి పిలిచారు, అమెరికా చరిత్రలో అదే అతి పెద్ద రీకాల్. మనం చూస్తున్న వయసు బళ్లలో చాలావాటికి ఇది తగులుతుంది. బండి గుర్తింపు సంఖ్య అయిన 17 అక్షరాల విన్ నంబరును కేంద్ర ప్రభుత్వ రోడ్డు భద్రత సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ సైట్‌లో కొడితే పని జరిగిందో లేదో రెండు నిమిషాల్లో తెలుస్తుంది. జరగకపోతే డీలర్ దగ్గర ఉచితంగా మారుస్తారు. మార్చేదాకా ఆ బండిలో ఎవరినీ ఎక్కించకండి.

వెనక కెమెరా 2018 మే నుంచే తప్పనిసరి, కాబట్టి పాత బళ్లలో చాలావాటికి ఉండదు. ఇంట్లో నడక నేర్చుకుంటున్న బిడ్డ ఉంటే బయట నుంచి కొని బిగించుకోండి. డ్రైవ్‌వేలో బండి వెనక్కి తీసేటప్పుడు రెండేళ్ల బిడ్డ ఏ అద్దంలోనూ కనపడదు.

## ఇంజిన్ గురించి తెలియనివాళ్లు కూడా అడగాల్సినవి

టైమింగ్ బెల్టా, చెయినా? ఇంజిన్ లోపల వాల్వులు, పిస్టన్లు ఒక లయలో కదిలేలా కలిపి ఉంచేది ఇదే. బెల్టయితే కంపెనీ చెప్పిన మైళ్లకు, చాలావాటిలో లక్ష దరిదాపుల్లో, మార్చి తీరాలి. ఆలస్యమై తెగితే వాల్వులు పిస్టన్లకు తగిలి ఇంజినే పోతుంది. చెయిన్‌కు ఆ గడువు లేదు, కానీ ఆయిల్ సరిగ్గా మార్చని బండిలో చెయిన్ కూడా సాగుతుంది.

గేర్‌బాక్స్ మామూలు ఆటోమేటిక్కా, సీవీటీయా (విడివిడి గేర్లు లేకుండా బెల్టుతోనో చెయిన్‌తోనో నడిచేది), డ్యూయల్ క్లచ్చా (రెండు క్లచ్‌లతో తనే గేర్లు మార్చేది)? పాత బండిలో మామూలు ఆటోమేటిక్ అంటేనే నాకు ధైర్యం. మిగతా రెండూ చెడ్డవని కాదు. పాడైతే వచ్చే బిల్లు చాలాసార్లు బండి ధరలో సగం ఉంటుంది.

## సుబారు అవుట్‌బ్యాక్: అందరూ ముందు చెప్పేది

మంచు కురిసే రాష్ట్రాల్లో ఎక్కడ చూసినా ఇదే. అన్ని చక్రాలకూ శక్తి వెళ్తుంది, నేలకు 8.7 అంగుళాల ఎత్తు, సీటు సరిగ్గా నడుము మట్టంలో ఉంటుంది. పెద్దవాళ్లు వంగకుండా, ఎగబాకకుండా పక్కకి తిరిగి కూర్చుంటే చాలు. 2010 నుంచి 2014 వరకు వచ్చిన రూపంలో వెనక కాళ్ల జాగా పెరిగింది. డ్రైవరు వెనక వెనుదిరిగి ఉండే కార్ సీటు పెట్టినా ముందు సీటును మరీ స్టీరింగ్‌కు ఆనించాల్సిన అవసరం రాదు.

అయితే ఈ ఐదేళ్ల బండ్లలో మూడు వేర్వేరు రకాలున్నాయి. ఒకే ప్రకటనల జాబితాలో, దాదాపు ఒకే ధరకు కనిపిస్తాయి. తప్పంతా ఇక్కడే జరుగుతుంది.

2010 నుంచి 2012 దాకా నాలుగు సిలిండర్ల 2.5 ఇంజిన్ పాత తరం ఈజే రకం. టైమింగ్ బెల్ట్ ఉంటుంది, 1,05,000 మైళ్ల దగ్గర మార్చాలి. హెడ్ గాస్కెట్ల (ఇంజిన్ దిమ్మెకూ దాని మూతలకూ మధ్య ఉండే సీళ్లు) దగ్గర నూనె, కూలెంట్ కారడం ఈ ఇంజిన్‌కు పాత జబ్బు. అంతకు ముందు 2005–2009 బండ్లలోనూ అదే. బండిని లిఫ్ట్ మీద ఎక్కించి రెండు పక్కలా ఇంజిన్ అడుగున తడి ఉందేమో చూస్తే తెలుస్తుంది. గాస్కెట్లు, బెల్టు, వాటర్ పంప్ ఒకేసారి మార్పించిన రసీదు ఉంటే ఆ బండి భయపడాల్సింది కాదు, నిజానికి మంచి కొనుగోలు. రసీదు లేకపోతే కొన్ని వేల డాలర్ల పని మీకోసం కాచుకుని ఉందనుకోండి.

2013, 2014 వాటిలో కొత్త ఎఫ్‌బీ ఇంజిన్ వచ్చింది. బెల్ట్ పోయి చెయిన్ వచ్చింది, గాస్కెట్ గొడవ దాదాపు తీరింది. కొన్ని ఇంజిన్లు మాత్రం ఆయిల్ తాగుతాయి. దీని మీద కోర్టు కేసు నడిచి రాజీ కూడా జరిగింది. అమ్మేవాళ్లను "రెండు ఆయిల్ మార్పుల మధ్య ఎంత పోస్తున్నారు?" అని నేరుగా అడగండి. చూడటానికి వెళ్లిన రోజు డిప్‌స్టిక్ మీరే తీసి చూడండి. 2013 నుంచి కొన్ని బళ్లలో ఐసైట్ ఉంటుంది. ముందు అద్దం పైన రెండు కెమెరాలు కనిపిస్తే అదే. ముందున్న కారు ఆగిపోతే తనే బ్రేకు వేస్తుంది. ఈ ధరలో ఆ సదుపాయం దొరకడం అరుదు.

ఈ రెండు రకాలకూ ఆటోమేటిక్ అంటే సీవీటీ. మొదటి ఏళ్లలో వచ్చిన ఫిర్యాదుల వల్ల సుబారు వీటి వారంటీని పదేళ్లకు, లక్ష మైళ్లకు పెంచింది. ఇప్పుడు ఆ గడువు కూడా దాటిపోయింది. ఆగి ఉన్న చోట నుంచి మెల్లగా కదిలించినప్పుడు వణుకు వచ్చినా, సిగ్నల్ దగ్గర ఆగుతుంటే ఇంజిన్ ఆగిపోబోయినట్టు కుదిపినా అక్కడితో వదిలేయండి.

మూడో రకం 3.6ఆర్. ఆరు సిలిండర్లు, చెయిన్, 2014 వరకు మామూలు ఐదు గేర్ల ఆటోమేటిక్. పెట్రోలు ఎక్కువ తాగుతుంది, గ్యాలన్‌కు సుమారు 20 మైళ్లే. అందుకే జనం దీన్ని పక్కన పెడతారు. నా లెక్కలో మాత్రం ఏడాదికి ఎనిమిది, తొమ్మిది వేల మైళ్లకు మించి తిరగని ఇంటికి ఈ ఐదేళ్ల అవుట్‌బ్యాక్‌లలో ఇదే అన్నింటికన్నా నిశ్చింత. పెట్రోలుకు పెట్టే అదనం నెలనెలా కొద్దికొద్దిగా పోతుంది, గేర్‌బాక్స్ బిల్లు ఒక్కరోజులో వస్తుంది.

## వోల్వో ఎక్స్‌సీ70, వీ70: ఇల్లంత గట్టివి, ఖర్చు తెలిసినవాళ్లకు

మనందరం ఇవాళ పెట్టుకునే మూడు బిందువుల సీటు బెల్ట్‌ను 1959లో వోల్వో ఇంజినీరు నిల్స్ బోలిన్ తయారుచేశారు. కంపెనీ ఆ పేటెంట్‌ను మిగతా కంపెనీలకు కూడా వదిలేసింది. ఆ పట్టుదల ఈ వ్యాగన్లలో చేతికి తగులుతుంది. తలుపు మూస్తేనే తెలుస్తుంది. 2008 తర్వాతి వాటిలో కొన్నింటికి వెనక సీటులోనే మడత పెట్టిన బూస్టర్ ఉంటుంది, పిల్లవాడి ఎత్తును బట్టి రెండు మెట్లుగా పైకి లేస్తుంది. బడికి వెళ్లే వయసు పిల్లలున్నవాళ్లు ఇది ఉన్న బండిని వెతకండి. తోటి పిల్లల్ని ఎక్కించుకోవాల్సి వచ్చినప్పుడు ఎంత హాయిగా ఉంటుందో!

వీ70 అమెరికాలో 2010తో ఆగింది. ఎక్స్‌సీ70 2016 వరకు వచ్చింది. ఆరు సిలిండర్ల 3.2 ఇంజిన్, టర్బో లేనిది, చెయిన్‌తో నడిచేది, మామూలు ఆటోమేటిక్ ఉన్నది తీసుకోండి. 2007 వరకు వచ్చిన ఐదు సిలిండర్ల వాటికి టైమింగ్ బెల్ట్ ఉంటుంది. అవి ఇప్పుడు ధర బాగా తక్కువ. కానీ స్టెబిలిటీ కంట్రోల్ అన్నింట్లో లేదు, వయసూ మీరింది.

ఇబ్బంది రిపేర్ల దగ్గర. వోల్వో తెలిసిన సొంత మెకానిక్ షాపు మీకు అరగంట దూరంలో ఉందా అన్నది బండి కంటే ముందు చూసుకోండి. ఉంటే ఇది గొప్ప కుటుంబ వాహనం. లేకపోతే ప్రతి చిన్న పనికీ డీలర్ దగ్గరికి వెళ్లాలి, రెండేళ్లలో బండి మీద ప్రేమ పోతుంది.

## టొయోటా ప్రియస్ వి: ఏడాది ఒక్కటి గుర్తుపెట్టుకుంటే చాలు

మామూలు ప్రియస్ కాదు, పేరు చివర వి ఉన్న పొడవాటిది. 2012 నుంచి 2017 వరకు అమ్మారు. వెనక సీటు వెనక 34.3 ఘనపుటడుగుల జాగా, అంటే ఆ కాలపు అవుట్‌బ్యాక్‌కు సమానం. వెనక సీటు ముందుకూ వెనక్కూ జరుగుతుంది, వాలుతుంది. గ్యాలన్‌కు 40 మైళ్ల పైమాటే. స్టార్టర్ మోటారు లేదు, ఆల్టర్నేటర్ లేదు, టైమింగ్ బెల్ట్ లేదు. పాడయ్యే వస్తువులే తక్కువ.

భద్రత దగ్గర ఒక సంగతి ఉంది, చాలామందికి తెలియదు. 2012 చివర్లో స్మాల్ ఓవర్‌ల్యాప్ పరీక్షలో ప్రియస్ వి కి వచ్చింది అన్నింటికంటే కింది గ్రేడు. టొయోటా ముందు చట్రాన్ని మార్చాక 2015 మోడల్‌కు మంచి గ్రేడు వచ్చింది. కాబట్టి పిల్లల కోసమైతే 2015 లేదా ఆ తర్వాతదే. 2013 బండి పదిహేను వందలు తక్కువకు వచ్చినా నేను తీసుకోను, మీకూ చెప్పను.

హైబ్రిడ్ బ్యాటరీ అంటే అందరికీ టెన్షన్. దానికి గాలి వెళ్లే జాలీ వెనక సీటు పక్కనే ఉంటుంది. పిల్లలున్న ఇంట్లో అక్కడ బిస్కట్ పొడి, దుమ్ము పేరుకుంటాయి, బ్యాటరీ వేడెక్కి తొందరగా పాడవుతుంది. అది శుభ్రంగా ఉందో లేదో చూస్తే ముందు యజమాని తీరు అర్థమవుతుంది. చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసినప్పుడు గడగడలాడితే హెడ్ గాస్కెట్ పోతోందని అనుమానించాలి. కింద పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ ఉందా, దాని మీద రక్షణ పలక ఉందా చూడండి. ప్రియస్‌ల నుంచి దాన్ని కోసుకుపోయే దొంగలు చాలా ఊళ్లలో ఉన్నారు.

అన్ని చక్రాలకు శక్తి వెళ్లే రకం ఇందులో లేదు. ఐదుగురు ఎక్కి సామానుతో పెన్సిల్వేనియా కొండలెక్కితే ఇంజిన్ గట్టిగా అరుస్తుంది, వేగం మాత్రం నెమ్మదిగానే అందుకుంటుంది. డాలస్, అట్లాంటా, బే ఏరియాలో ఉండేవాళ్లకు ఇవేవీ లెక్కలోకి రావు.

## ఫోక్స్‌వ్యాగన్ స్పోర్ట్‌వ్యాగన్

జెట్టా స్పోర్ట్‌వ్యాగన్ 2009–2014, గోల్ఫ్ స్పోర్ట్‌వ్యాగన్ 2015–2019. నడపడానికి వీటంత బాగుండేది ఈ జాబితాలో లేదు. జెట్టాలో ఐదు సిలిండర్ల 2.5 పెట్రోలు ఇంజిన్ మొండిది, మామూలు ఆటోమేటిక్‌తో వస్తుంది. అదే చూడండి. గోల్ఫ్‌లో 1.8 టర్బో, ముందు చక్రాలకే శక్తి వెళ్లే రకమైతే మామూలు ఆటోమేటిక్. కూలెంట్ కారుతోందా అని అడగండి. పైన పెద్ద అద్దం ఉంటే కార్పెట్లు తడిగా ఉన్నాయేమో చేత్తో తడిమి చూడండి, నీళ్లు పోయే గొట్టాలు మూసుకుపోవడం వీటిలో మామూలే.

డీజిల్ రకం మైలేజీ చూసి ఆశపడకండి. 2015 సెప్టెంబరులో బయటపడిన ఉద్గారాల మోసం ఈ ఇంజిన్లదే. సరిచేసిన బండ్లకు ఇచ్చిన అదనపు వారంటీ కూడా చాలావాటికి అయిపోయింది. ఇప్పుడు ఆ పొగ శుద్ధి పరికరాలు పాడైతే ఖర్చు మీదే. సీట్లు కిందికి ఉంటాయి కాబట్టి మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు దిగడం కష్టం.

## ఇంకో రెండు

ఆక్యురా టీఎస్‌ఎక్స్ స్పోర్ట్ వ్యాగన్ 2011–2014 మధ్య కొద్దిగానే అమ్ముడైంది. హోండా 2.4 ఇంజిన్, చెయిన్, ఐదు గేర్ల మామూలు ఆటోమేటిక్. యంత్రం విషయంలో ఈ వ్యాసంలో అన్నింటికన్నా నమ్మకమైనది ఇదేనని నా అభిప్రాయం. వెనక సీటు ఇరుకు, ప్రీమియం పెట్రోలు పోయాలి. ఒక్క బిడ్డ ఉన్న ఇంటికి దొరికితే వదలకండి.

టొయోటా వెన్జా 2009–2015ను కొందరు వ్యాగన్ అనరు. క్యామ్రీ మీద కట్టిన వెడల్పాటి బండి. తలుపులు పెద్దవి, సీటు ఎత్తు పెద్దవాళ్లకు సరిగ్గా సరిపోతుంది. మధ్య సీటులో మనిషి కూర్చోక తప్పని ఇంటికి ఇందులో కాస్త ఊపిరాడుతుంది.

## ఒక్క చూపులో

| బండి | చూడాల్సిన ఏళ్లు | కోరుకోవాల్సిన ఇంజిన్, గేర్‌బాక్స్ | గ్యాలన్‌కు మైళ్లు (సుమారు) | జాగ్రత్త |
|---|---|---|---|---|
| అవుట్‌బ్యాక్ 2.5 | 2013–2014 | చెయిన్ ఇంజిన్, సీవీటీ | 26 | ఆయిల్ తాగడం, సీవీటీ వణుకు |
| అవుట్‌బ్యాక్ 3.6ఆర్ | 2010–2014 | 6 సిలిండర్లు, మామూలు ఆటోమేటిక్ | 20 | పెట్రోలు ఖర్చు |
| ఎక్స్‌సీ70 | 2012–2014 | 3.2, మామూలు ఆటోమేటిక్ | 20–21 | మెకానిక్ దొరకడం |
| ప్రియస్ వి | 2015–2017 | హైబ్రిడ్ | 41 | హెడ్ గాస్కెట్, బ్యాటరీ గాలి జాలీ |
| జెట్టా స్పోర్ట్‌వ్యాగన్ | 2012–2014 | 2.5 పెట్రోలు, మామూలు ఆటోమేటిక్ | 25 | నీటి లీకులు, కిందికి ఉన్న సీట్లు |

ఏడాదికి 12,000 మైళ్లు తిరిగే ఇల్లయితే ప్రియస్ వి కి 293 గ్యాలన్లు, అవుట్‌బ్యాక్ 2.5 కి 462, 3.6ఆర్‌కు 600 పడతాయి. మీ ఊరి పెట్రోలు ధరతో గుణించి చూసుకోండి. తేడా మీరు భయపడినంత ఉండకపోవచ్చు, లేదా అదే నిర్ణయాన్ని మార్చేయవచ్చు. రెండూ చూశాను.

## ఎవరికి ఏది

మిషిగన్, మిన్నెసోటా, అప్‌స్టేట్ న్యూయార్క్ లాంటి చోట్ల ఉంటూ రోజూ దూరం వెళ్లాల్సిన ఇంటికి 2013–14 అవుట్‌బ్యాక్ 2.5, వీలైతే ఐసైట్ ఉన్నది. అదే చలి ఊళ్లో ఇంటి నుంచే పనిచేస్తూ వారాంతాల్లో మాత్రమే బండి తీసేవాళ్లకు 3.6ఆర్. మంచు ఉంది కాబట్టి అన్ని చక్రాలకూ శక్తి ఉండి తీరాలన్న మాట మాత్రం పూర్తి నిజం కాదు. అది బండిని కదిలించడానికి సాయపడుతుంది, ఆపడానికి కాదు. ముందు చక్రాల బండికి నాలుగు స్నో టైర్లు వేసుకున్న మనిషి, పాత టైర్లతో అవుట్‌బ్యాక్ నడిపే మనిషి కంటే ముందుగా ఆగుతాడు.

వెచ్చటి ఊళ్లలో, రోజూ ట్రాఫిక్‌లో నలిగేవాళ్లకు 2015 తర్వాతి ప్రియస్ వి తప్ప వేరే ఆలోచన అక్కర్లేదు. పెద్దవాళ్లు ఏడాదిలో ఆరు నెలలు ఉండే ఇంటికి వెన్జా గానీ అవుట్‌బ్యాక్ గానీ. కొత్తగా డ్రైవింగ్ నేర్చుకున్న భార్యో భర్తో పిల్లల్ని ఒంటరిగా తిప్పాల్సి వస్తే, పక్కనే మంచి మెకానిక్ ఉంటే, ఎక్స్‌సీ70. దాని బరువు, సీట్ల తీరు మనసుకు ఇచ్చే ధైర్యం వేరు.

వీసా సంగతి తేలక రెండేళ్లలో బండి అమ్మాల్సి రావచ్చు అనుకునేవాళ్లు వోల్వో, ఫోక్స్‌వ్యాగన్ జోలికి వెళ్లకండి. వెళ్లే ముందు రెండు వారాల్లో అమ్ముడుపోవాలంటే టొయోటా లేదా సుబారు ఉండాలి.

## చూడటానికి వెళ్లినప్పుడు

మా మొదటి వ్యాగన్‌కు మూడు టైర్లు ఒక రకం, నాలుగోది వేరే రకం, కొత్తది. అమ్మినాయన "టైరు కూడా కొత్తది వేయించాను" అంటే సంతోషపడ్డాం. అన్ని చక్రాలకూ శక్తి వెళ్లే బండిలో నాలుగు టైర్ల అరుగుదల ఒకేలా ఉండాలని, లేకపోతే లోపలి భాగాలు నిరంతరం ఒకదానితో ఒకటి కొట్లాడి పాడవుతాయని అప్పుడు తెలియదు. బండి ధరలో మూడో వంతు ఆ పాఠానికే పోయింది. టైరు పక్కన డాట్ అని ఉన్న వరుసలో చివరి నాలుగంకెలు చూడండి. 2319 అంటే 2019లో 23వ వారం తయారైందని. గాడి ఎంత లోతుగా ఉన్నా మరీ పాతబడిన రబ్బరును నమ్మకండి.

బండిని ముందే వేడి చేసి ఉంచొద్దని ఫోనులోనే చెప్పండి. చల్లటి ఇంజిన్ స్టార్ట్ అయ్యే మొదటి అర నిమిషంలోనే చాలా జబ్బులు బయటపడతాయి. సీటు బెల్టులను చివరిదాకా లాగి చూడండి. చివర్లో బురద గీత ఉంటే అది వరదలో మునిగిన బండి. 2017లో హ్యూస్టన్‌ను ముంచిన హార్వీ తర్వాత, 2022లో ఫ్లోరిడాను ముంచిన ఇయన్ తర్వాత అలాంటివి వేరే రాష్ట్రాలకు చాలా చేరాయి. ఉత్తరాది బళ్ల కింద ఉప్పు తిన్న తుప్పు చూడాలి. పైపైన ఎర్రబడితే ఫరవాలేదు, సస్పెన్షన్ బిగించిన చోట పొరలు పొరలుగా రాలుతుంటే వదిలేయండి. మా రెండో బండిని టెనెసీ వెళ్లి కొని తెచ్చుకున్నాం, ఆ ప్రయాణం ఖర్చు ఎప్పుడో తిరిగొచ్చింది.

టైటిల్ మీద సాల్వేజ్ (బాగా దెబ్బతిని ఇన్సూరెన్స్ కంపెనీ వదిలేసింది), రీబిల్ట్ (అలాంటిదాన్ని మళ్లీ బాగుచేసింది) అన్న ముద్ర ఉంటే పిల్లల బండిగా వద్దు. విచ్చుకున్న ఎయిర్‌బ్యాగ్ స్థానంలో మంచిదే పెట్టారన్న నమ్మకం ఎవరూ ఇవ్వలేరు. 2010, అంతకు ముందు మోడళ్లకు అమ్మేటప్పుడు ఓడోమీటర్ మైళ్లు రాసివ్వాలన్న కేంద్ర చట్టం నిబంధన ఇప్పుడు వర్తించదు, కాబట్టి వాటిలో సర్వీస్ రసీదుల మీది మైళ్లనే నమ్మండి. డీలర్ దగ్గరైతే కిటికీకి అంటించిన బయ్యర్స్ గైడ్ చదవండి. యాజ్ ఈజ్ అని ఉంటే గేటు దాటాక ఏమైనా మీదే.

ఇవన్నీ చూశాక, నచ్చాక కూడా, మీకు తెలిసిన మెకానిక్ దగ్గర 150 నుంచి 250 డాలర్లు పెట్టి లిఫ్ట్ మీద చూపించండి. అమ్మేవాళ్లు దానికి ఒప్పుకోకపోతే అక్కడి నుంచి వచ్చేయండి. చేతిలో ఉన్న డబ్బంతా బండికే పెట్టకండి. పదివేలుంటే ఎనిమిదివేల బండి చూడండి, మిగతా రెండు వేలు మొదటి ఏడాదికి.

## ఇంటికి తెచ్చిన వారం

ఆయిల్, కూలెంట్, బ్రేక్ ఫ్లూయిడ్, గేర్‌బాక్స్ ఫ్లూయిడ్ ఎప్పుడు మార్చారో కాగితం లేకపోతే మార్పించండి. బెల్ట్ ఇంజిన్ అయి, మార్చిన రుజువు లేకపోతే ఆ పనే మొదటిది. గుడికి తీసుకెళ్లి నిమ్మకాయలు తొక్కించే రోజు కంటే ముందే అది అయిపోవాలి.

తర్వాత కార్ సీట్లు. చాలా ఊళ్లలో ఫైర్ స్టేషన్లలో, ఆసుపత్రుల్లో శిక్షణ పొందినవాళ్లు ఉచితంగా చూసిపెడతారు. ముందే ఫోను చేసి వెళ్లండి. కార్ సీటును బండికి తగిలించే లాచ్ కొక్కేలకు బరువు పరిమితి ఉంటుంది. బిడ్డ, సీటు కలిపి 65 పౌండ్లు దాటితే వాటి బదులు సీటు బెల్టుతో బిగించాలి. బిగించాక బెల్టు వెళ్లే చోట సీటును పట్టుకుని ఊపండి. ఏ పక్కకైనా అంగుళం కంటే ఎక్కువ కదిలితే విప్పి మళ్లీ బిగించండి.